ఎండతో నడిచే మా ఊరి మంచినీళ్ల ప్లాంటు: మూడు వేసవులు వాడాక

సోలార్‌తో నడిచే ఆర్‌ఓ ప్లాంటు, అంటే నీళ్లలో ఉప్పు తీసే ప్లాంటు, పెట్టుకోవచ్చా, నాలుగు నాళ్లు నడిచి మూలపడుతుందా అని చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు మమ్మల్ని అడుగుతుంటారు. పెట్టుకోవచ్చు. మా ఊళ్లో 2023 వేసవికి ముందు పెట్టుకున్నది ఇప్పటికీ నడుస్తోంది, ఊరంతా ఆ నీళ్లే తాగుతోంది. ప్లాంటు చూసుకునే కమిటీలో మొదటి నుంచీ ఉన్నాను కాబట్టి బాగున్నదీ బాగోలేనిదీ చూసింది చూసినట్టు చెబుతాను. ముందే ఒక మాట. అమ్మేవాళ్లు ఎక్కువగా చెప్పేది డాబా మీది ప్యానెళ్ల గురించి. మాకు వాటితో పెద్ద ఇబ్బంది రాలేదు. కష్టమంతా కింద, నీళ్ల దగ్గరే ఉంది.

మాది కోనసీమలో మలికిపురం అవతల, సముద్రానికి దగ్గరగా ఉన్న శివారు ఊరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి గోదావరి నీళ్లు కాలువల్లో డెల్టా అంతా పారుతున్నాయి. కానీ శివారుకి చేరేసరికి అవి ఎన్ని ఊళ్లు దాటి, ఎన్ని చేపల చెరువుల పక్కనుంచి వచ్చాయో వాటి రంగు చూస్తేనే తెలుస్తుంది. దాళ్వా (రెండో పంట వరి) చివరికొచ్చాక ఏప్రిల్‌లో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. మళ్లీ వదిలేదాకా మంచినీళ్ల చెరువులో పట్టి ఉంచుకున్నదే దిక్కు. మే నెల సగానికి ఆ చెరువు పచ్చబడి వాసన వేస్తుంది. లోతుకి బోరు వేస్తే ఉప్పు. ఇసుక మెరకల మీద మాత్రం వాననీరు లోపలికి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలినట్టు నిలిచి ఉంటుంది. అక్కడ ఫిల్టరు పాయింటు, అంటే జల్లెడ గొట్టం ఉన్న లోతు తక్కువ బోరు, వేసి నెమ్మదిగా తోడుకుంటే పనికొస్తాయి. పెద్ద మోటారు పెట్టి గబగబా లాగితే కింది ఉప్పు పైకి ఎగదన్నుతుంది. ఒకసారి ఎగదన్నితే మళ్లీ బాగా వానలు పడేదాకా ఆ నీళ్లు నోట పెట్టలేం.

ఇక్కడే సోలార్ మాకు బాగా కుదిరింది. రాత్రి కరెంటు ఉన్న రెండు గంటల్లో వేల లీటర్లు తోడెయ్యాలన్న తొందర లేదు. పొద్దున నుంచి సాయంత్రం దాకా చిన్న పంపు నిదానంగా లాగుతుంది. ఫిల్టరు పాయింటు నీళ్లు వానాకాలంలో టీడీఎస్ మీటరు (లీటరు నీళ్లలో కరిగిన ఉప్పులు ఎన్ని మిల్లీగ్రాములో చూపేది) మీద 1200 దగ్గర ఉంటాయి. మే నెలలో 3000 దాకా పోతాయి. తాగే నీళ్లకి 500 లోపు ఉండాలని, వేరే గతి లేనప్పుడు 2000 దాకా ఒప్పుకోవచ్చని దేశంలో ప్రమాణాలు నిర్ణయించే బీఐఎస్ చెబుతుంది. మా నీళ్లు మెంబ్రేన్ (ఉప్పుని ఆపే పల్చటి పొర) దాటాక 100 దగ్గర వస్తున్నాయి.

ప్లాంటు గంటకి 500 లీటర్లు ఇచ్చేది. పైన 3 కిలోవాట్ల ప్యానెళ్లు. కింద ఇసుక ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు, 5 మైక్రాన్ల కార్ట్రిడ్జి, ఒకటిన్నర హార్స్‌పవర్ ప్రెషర్ పంపు, రెండు మెంబ్రేన్లు, కుళాయి ముందర క్రిముల్ని చంపే యూవీ దీపం. మబ్బు లేని రోజు ఐదు గంటలు నిండుగా నడిస్తే 2500 లీటర్లు, అంటే 20 లీటర్ల టిన్నులు 125 నిండుతాయి. మా ఊరికి అది సరిపోతుంది. పెళ్లిళ్ల రోజుల్లో సరిపోదు.

మేం చేసిన మంచి పని బ్యాటరీలు వద్దనుకోవడం. ప్లాంటు పెట్టినవాళ్లు మొదట పెద్ద బ్యాటరీల వరసతో అంచనా వేసి ఇచ్చారు. ఆ బ్యాటరీల డబ్బుతో పెద్ద ట్యాంకు కొనండి బాబూ అని మా ఊరి ఎలక్ట్రీషియన్ గట్టిగా పట్టుబట్టాడు. ఆయన మాటే నిలబడింది. ఇప్పుడు ప్యానెళ్ల కరెంటు నేరుగా, ఎండని బట్టి పంపు వేగం మార్చే డ్రైవ్‌కి, అక్కణ్నుంచి పంపులకి పోతుంది. ఎండ ఉన్నంతసేపు నీళ్లు తీసి 5000 లీటర్ల ట్యాంకులో నింపుతాం. సాయంత్రం, మర్నాడు పొద్దున జనం పట్టుకెళ్లేది ఆ ట్యాంకులోవే. కరెంటు దాచాలంటే ఖరీదు, నీళ్లు దాచడం చవక. పక్క మండలంలో ఇలాంటిదే బ్యాటరీలతో పెట్టిన ప్లాంటు ఒకటి ఉంది. వాటిలో డిస్టిల్డ్ వాటర్ పోసే మనిషి లేక అవి పోయాయి. ప్యానెళ్లు, మెంబ్రేన్లు బాగానే ఉన్నా ప్లాంటు మాత్రం ఆగిపోయింది.

నీళ్లు దాచడంలోనూ ఒక జాగ్రత్త ఉంది. ఆర్‌ఓ నీళ్లలో క్లోరిన్ మిగలదు. ట్యాంకు మూత సరిగా పడకపోతే, గోడలకి నాచు పడితే, అంత శ్రమపడి శుద్ధి చేసిందంతా వృథా. అందుకే యూవీ దీపాన్ని ట్యాంకుకి ముందు కాకుండా కుళాయికి దగ్గరగా పెట్టించాం. రాత్రిపూట అది మామూలు కరెంటు మీద వెలుగుతుంది, ఖర్చు చాలా తక్కువ. ట్యాంకు కడిగిన తేదీ గోడమీద సుద్దతో రాస్తాం. ఎవరు వచ్చినా చూడొచ్చు.

మబ్బుల సంగతి ముందుగా మాకెవరూ చెప్పలేదు. ఎండ తగ్గితే నీళ్లు తక్కువ వస్తాయని అందరికీ తెలుసు. కానీ నీళ్ల రుచి కూడా మారుతుంది. మబ్బు అడ్డొచ్చినప్పుడు పంపు వేగం పడిపోతుంది, మెంబ్రేన్ మీద ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే మంచినీళ్లు దాటడం తగ్గుతుంది గానీ ఉప్పు దాటడం అంతగా తగ్గదు. దాంతో వచ్చే కాసిని నీళ్లలో ఉప్పు ఎక్కువవుతుంది. దీన్ని మీటరు కంటే ముందు పట్టుకున్నది మా వీధి చివర మామ్మగారు. “ఇవాళ నీళ్లు ఉప్పగా తగులుతున్నాయి నాయనా, చూసుకోండి” అన్నారు. చూస్తే ఆ రోజంతా మబ్బులు వస్తూ పోతూ ఉన్నాయి. తర్వాత ప్రెషర్ ఒక హద్దు కంటే తగ్గితే పంపు ఆగిపోయేలా స్విచ్ పెట్టించాం. మళ్లీ మొదలైనప్పుడు తొలి నాలుగైదు నిమిషాల నీళ్లు ట్యాంకులోకి పోకుండా బయటికి మళ్లిస్తాం. ఈ రెండూ మొదటి రోజునే ఉండాలి. కొనేవాళ్లు అడిగి మరీ పెట్టించుకోండి.

మబ్బుల వల్ల మొత్తం మీద నష్టమెంత అంటే, నా లెక్కలో పెద్దది కాదు. ఉప్పు బాధ ముదిరేది, కాలువలు ఎండేది ఏప్రిల్, మే నెలల్లో. ఎండ దండిగా ఉండేదీ అప్పుడే. జూలై, ఆగస్టుల్లో ముసురు పట్టి ప్లాంటు సగం కూడా నడవని రోజులుంటాయి గానీ, అప్పటికి కాలువలో నీళ్లుంటాయి. అయితే ఎండ ఎంత మండితే కరెంటు అంత ఎక్కువ వస్తుందనుకోకండి. ప్యానెల్ వేడెక్కే కొద్దీ ప్రతి డిగ్రీకీ సుమారు 0.4 శాతం చొప్పున ఇచ్చేది తగ్గుతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం కంటే ఫిబ్రవరి, మార్చి మధ్యాహ్నాలే మా మీటరు మీద మెరుగ్గా కనిపిస్తాయి. ప్యానెళ్ల కింద గాలి ఆడేలా ఎత్తుగా బిగించుకుంటే కొంత నయం.

ఇక మెంబ్రేన్లు. ఈ ప్లాంటు బతుకంతా వాటి మీదే ఉంది. మా నీళ్లలో ఇనుము ఎక్కువ, గిన్నెలకి ఎర్రటి చారలు పడతాయి. ఇసుక ఫిల్టరులోకి రోజూ నీళ్లు వెనక్కి తిప్పి కడగకపోతే ఆ తుప్పు కార్ట్రిడ్జికి, అక్కణ్నుంచి మెంబ్రేన్‌కి పోతుంది. సున్నం పేరుకోకుండా వేసే యాంటీస్కేలెంట్ మందు డబ్బా ఖాళీ అయితే పంపు ఆగదు, నీళ్లూ వస్తూనే ఉంటాయి, లోపల మాత్రం మెంబ్రేన్ మూసుకుపోతూ ఉంటుంది. చెరువు నీళ్లలో బ్లీచింగ్ వేసిన రోజున కార్బన్ ఫిల్టరు సరిగ్గా పనిచేయాలి, ఆ క్లోరిన్ మెంబ్రేన్ పొరని తినేస్తుంది. సోలార్ ప్లాంటుకి ఇంకో పని కూడా ఉంది. రోజూ సాయంత్రం ఆగేటప్పుడు లోపల చిక్కటి ఉప్పునీరు మిగిలిపోతుంది. దాన్ని అలాగే రాత్రంతా వదిలేస్తే గట్టిపడుతుంది. అందుకని పొద్దు వాలకముందే మంచినీళ్లతో పది నిమిషాలు కడిగి ఆపాలి. మా ఆపరేటర్ పక్క వీధి కుర్రాడే, ఐటీఐ చదివాడు. అతను ఊళ్లో లేని వారం తేడా స్పష్టంగా కనిపిస్తుంది. నన్నడిగితే ప్లాంటు కొనేముందు అలాంటి మనిషిని చూసుకోవాలి.

కాలువలో నీళ్లు పారే నెలల్లో ఆర్‌ఓ నడపడం దండగని నా గట్టి అభిప్రాయం. గోదావరి నీళ్లలో ఉప్పు తక్కువ, మీటరు మీద 200 అటూ ఇటూ చూపిస్తుంది. వాటిలో ఉండేది మట్టి, సూక్ష్మక్రిములు. మా అమ్మమ్మ తరం వాళ్లు బిందె లోపల చిల్లగింజ అరగదీసి ఆ మట్టిని కిందికి దింపేవారు, తర్వాత కాచుకునేవారు. మేం ఇప్పుడు పటికతో తేర్చి, ఇసుక ఫిల్టరు, కార్బన్, యూవీ మీదుగా పంపి ఇస్తున్నాం. మెంబ్రేన్లకి విశ్రాంతి, పారబోసే నీళ్లు లేవు, పావు వంతు కరెంటుతో పని అయిపోతుంది. దీనికి వేరే పైపు, రెండు వాల్వులు కావాలి, అంతే. మొదట్లో జనం “ఇవి మిషను నీళ్లు కావు” అని ఒప్పుకోలేదు. నెలనెలా పరీక్ష చేయించి కాగితం అంటించాక ఒప్పుకున్నారు. చేపల చెరువుల మురుగు కాలువలో కలిసిందని అనుమానం వచ్చిన రోజుల్లో మాత్రం మళ్లీ ఆర్‌ఓకి మారతాం.

నాకు ఇప్పటికీ మనసుకి పట్టనిది పారబోసే నీళ్ల వ్యవహారం. లీటరు మంచినీళ్లకి సుమారు లీటరు ఉప్పునీరు బయటికి పోతుంది. మే నెలలో దాని టీడీఎస్ 6000 దగ్గర ఉంటుంది. దాన్ని ఊరి కొబ్బరి చెట్లకి వదలమని కొందరన్నారు. శంకరగుప్తం డ్రెయిన్ గుండా సముద్రపు పోటు నీరు ఎగదన్ని కేశనపల్లి వైపు కొబ్బరి తోటలు తలలు రాలి మోడువారిన సంగతి మా వాళ్లందరికీ తెలుసు. అది కళ్లారా చూశాక ఒక్క బిందె కూడా చెట్టు మొదట్లో పోయనివ్వలేదు. బడి మరుగుదొడ్లకి, గచ్చులు కడగడానికి కొంత వాడుతున్నాం. మిగతాది పైపు వేసి ఆటుపోట్లు ఆడే ఉప్పుటేరులోకి పంపుతున్నాం. మెట్టన ఉన్న ఊళ్లో, అలాంటి ఏరు దగ్గర్లో లేనిచోట ఇది పెట్టాలంటే ముందు ఈ ప్రశ్నకి జవాబు ఉండాలి.

సముద్రపు గాలి ఇనుముని బతకనివ్వదు. ప్యానెళ్ల ఫ్రేములు అల్యూమినియం కాబట్టి నిలిచాయి. స్టాండుకి వాడిన మామూలు బోల్టులు రెండో వానాకాలానికే తుప్పుపట్టి పొడిపొడి అయ్యాయి. ఇప్పుడు అన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించాం. ప్యానెళ్ల మీద ఉప్పు పొర, కొంగల రెట్టలు ఎప్పుడూ ఉంటాయి. తెల్లారకముందే, అద్దం చల్లగా ఉన్నప్పుడు మంచినీళ్లతో తుడవాలి, బోరు నీళ్లతో తుడిస్తే తెల్లటి మరకలు మిగులుతాయి. కోనసీమలో నీడ లేని చోటు దొరకడమే కష్టం. ఒక్క కొబ్బరి మట్ట నీడ ఒక ప్యానెల్ మూల మీద పడినా ఆ వరస మొత్తం నీరసపడుతుంది. మేం బడి డాబా ఎంచుకున్నది అందుకే. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటినప్పుడు మేం చాలా టెన్షన్ పడ్డాం. ముందురోజే అదనంగా తాళ్లు బిగించాం. ప్యానెళ్లు నిలబడ్డాయి. తర్వాత కరెంటు లేకపోయినా ఎండ కాయగానే నీళ్లు వచ్చాయి.

అసలు మా ఊళ్లో సోలార్ మాట లేచిందే 2022 జూలై వరదల తర్వాత. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన ఆ వరదలో లంకల్లో ఉన్న మా చుట్టాలు చుట్టూ నీళ్లు పెట్టుకుని, కరెంటు లేక, ప్యాకెట్ నీళ్ల కోసం పడవ వైపు చూస్తూ కూర్చున్నారు. అలాంటి చోట ఇంత పెద్ద ప్లాంటు లేకపోయినా ఒక పని చేసుకోవచ్చు. నీళ్లు తేర్చి, గుడ్డతో వడకట్టి, తెల్లటి పారదర్శకమైన ప్లాస్టిక్ సీసాల్లో నింపి, ఆరు గంటలు మంచి ఎండలో పడుకోబెడితే క్రిములు చాలావరకు చస్తాయి. మబ్బుగా ఉంటే రెండు రోజులు ఉంచాలి. ఉప్పు మాత్రం పోదు, చేపల చెరువుల మందులూ పోవు. ఉప్పు పోవాలంటే అద్దం మూత ఉన్న సోలార్ స్టిల్ ఉంది. చదరపు మీటరుకి రోజుకి మూడు నాలుగు లీటర్లు ఇస్తుంది. ఒక మనిషి తాగడానికి సరి, ఇంటిల్లిపాదికీ చాలదు.

డబ్బు విషయం తొందరగా చెప్పేస్తాను. కరెంటు బిల్లు దాదాపు లేదు, అయినా నీళ్లు ఉచితం కావు. 2014లో మొదలైన ప్రభుత్వ ఎన్టీఆర్ సుజల పథకంలో 20 లీటర్లు 2 రూపాయలకి ఇచ్చేవారు కాబట్టి జనం మనసులో ఆ ధరే నిలిచిపోయింది. మేం 5 రూపాయలు తీసుకుంటున్నాం. అందులోంచి ఆపరేటర్ జీతం, కార్ట్రిడ్జిలు, మందు పోగా మిగిలింది మెంబ్రేన్ల కోసం బ్యాంకులో వేస్తాం. మొదటి జత ఈమధ్యే మార్చాం. ఎవరినీ చందా అడగకుండా కొనగలిగాం.

ప్లాంటు పెట్టిన సంస్థ సర్వీసు మొదటి ఏడాది బాగుంది, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. అందుకని డ్రైవ్, పంపు, మెంబ్రేన్ అన్నీ రాజమండ్రిలోనో కాకినాడలోనో ఏ షాపులోనైనా దొరికే సైజులవి ఉండాలని ఒప్పంద పత్రంలో రాయించుకోండి. ఇప్పుడు మా చేతిలో ఉన్న పని రెండో ట్యాంకు. దానికి పునాది వేశాం, కాలువలు కట్టేసేలోపు నిలబెట్టాలి. పెళ్లిళ్ల నెలల కొరత దాంతో తీరుతుందని లెక్క వేసుకున్నాం.