బైరాగిపట్టెడకు వచ్చే క్యారియర్ భోజనం: ఐదేళ్లు తిన్నాక

తిరుపతి బైరాగిపట్టెడలో ఒంటరిగా ఉంటున్న మా అమ్మకు రోజూ మధ్యాహ్నం క్యారియర్ పంపే ఒక మెస్సు గురించి ఈ సమీక్ష. 2020 ఏప్రిల్‌లో మొదలుపెట్టి ఐదేళ్లకు పైగా తీసుకున్నాం కాబట్టి, ఒక పూట తిని చెప్పే అభిప్రాయం కాదిది.

ఆ మెస్సు అంతకుముందు యాత్రికుల మీదే నడిచేది. కరోనా వల్ల 2020 మార్చి 20 నుంచి తిరుమలలో భక్తులకు దర్శనాలు నిలిపివేయడంతో బేరం పూర్తిగా పడిపోయి, అద్దెకైనా వస్తుందని యజమాని ఒంటరి వృద్ధుల ఇళ్లకు భోజనం పంపడం ప్రారంభించారు. నేను బెంగళూరులో చిక్కుకుపోయాను. అప్పటికి 71 ఏళ్ల అమ్మకు చక్కెర వ్యాధి ఉంది. వంట చేతగాక కాదు, ఒక్కదాని కోసం పొయ్యి వెలిగించబుద్ధి కాక మజ్జిగన్నంతో రోజులు వెళ్లదీస్తోంది.

వంట బాగుంటుంది. అన్నం పెద్దవాళ్లు నమలగలిగేంత మెత్తగా ఉంటుంది, అడిగిన వారికి వారంలో రెండు రోజులు రాగి సంగటి పంపుతారు. చలికాలంలో అనపగింజల పులుసు వచ్చిన రోజు అమ్మ ఫోన్లో ముందు ఆ కబురే చెప్పేది. ఉప్పు తగ్గించమని ఎన్నిసార్లు చెప్పినా రసంలో మాత్రం తగ్గించలేదు.

అయితే మేము ఐదేళ్లు మానకపోవడానికి కారణం వంట కాదు, క్యారియర్ తెచ్చే అబ్బాయి. అతడు గిన్నెలను అరుగు మీద పెట్టి, గేటు దాకా వెనక్కి జరిగి, అమ్మ తలుపు తీసేంతవరకు కదిలేవాడు కాదు. ముందురోజు గిన్నెలు తీసుకుంటూ మూత తెరిచి చూసి, "ఏం పెద్దమ్మా, కూర అట్లే పెట్టేసినావు, ఒంట్లో బాగలేదా?" అని అడిగేవాడు. ఒకసారి వరుసగా రెండు రోజులు అన్నం మిగిలిందని నాకు ఫోన్ చేసింది అతడే. తిండి తగ్గించి మాత్రలు మాత్రం మానకుండా వేసుకోవడం వల్ల చక్కెర బాగా పడిపోయిందని ఆ సాయంత్రం పరీక్షలో తేలింది.

జీవన నాణ్యతను కొలవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 26 ప్రశ్నల పట్టిక ఒకటి రూపొందించింది. అందులో శరీరం, మనస్సు, మనుషులతో సంబంధాలు, పరిసరాలు అని నాలుగు భాగాలుంటాయి. అమ్మ విషయంలో చివరి రెండూ ఒక్కసారే మూసుకుపోయాయి. సాయంత్రం గోవిందరాజస్వామి గుడికి నడిచి వెళ్లి నలుగురితో మాట్లాడి రావడమే ఆమెకున్న వ్యాపకం. జూన్‌లో గుళ్లు తెరిచినా, 65 ఏళ్లు దాటినవారు ఇంట్లోనే ఉండాలన్న కేంద్రం సూచన వల్ల ఆమె గడప దాటలేదు. చాలా నెలలు ఆమెతో ఎదురుగా నిలబడి మాట్లాడిన మనిషి ఈ అబ్బాయి ఒక్కడే.

ఈ సేవ అందరికీ అందలేదన్నదీ చెప్పాలి. గుడి దగ్గర పూలమ్మే పక్కింటి వితంతువుకు గుళ్లు మూతపడగానే రాబడి ఆగిపోయి, ఇంటికి తెచ్చిచ్చే 2,250 రూపాయల పింఛనే మిగిలింది. క్యారియర్ 90 రూపాయల లెక్కన నెలకు 2,700 అవుతుంది. డబ్బు పంపే పిల్లలున్న వృద్ధులకే ఆ భోజనం దక్కింది. అమ్మ తన వాటాలోంచి ఆమెకు కొంత తీసిపెట్టేదని నాకు చాలాకాలం తర్వాత తెలిసింది. గిన్నెలు ఖాళీ అవుతున్నాయని సంబరపడిన రోజుల్లో కొన్ని ఆ లెక్కలోవే.

ఇప్పుడు ఫిర్యాదు. నిరుడు ఆర్డర్లన్నీ యాప్‌కు మార్చారు. ధర 140 అయింది, స్టీలు గిన్నెల స్థానంలో ప్లాస్టిక్ డబ్బాలు వచ్చాయి. కొత్తగా వచ్చేవారు సంచిని గేటుకు తగిలించి ఫోటో తీసుకుని వెళ్లిపోతున్నారు. అమ్మది బటన్ల ఫోను. ఆర్డర్ నేను బెంగళూరు నుంచి పెడితే, ఎండలో వేలాడుతున్న సంచి సంగతి ఆమెకు అరగంట తర్వాత తెలుస్తోంది. డబ్బాలు తిరిగి ఇచ్చే పని లేదు కనుక ఎంత తిన్నదో చూసేవారూ లేరు.

వంటకు అయిదులో నాలుగు, ఇప్పటి పంపిణీకి ఒకటి ఇస్తాను. యజమానికి ఫోన్ చేసి అడిగితే, ఒకే వీధిలో పదిమంది పెద్దవాళ్లు కుదిరితే పాత పద్ధతిలోనే స్టీలు క్యారియర్ పంపుతామన్నారు. మా వీధిలో ఇప్పటికి ఆరుగురు ఒప్పుకున్నారు.