మగ్గం వర్కా, కంప్యూటర్ వర్కా? పెళ్లి బ్లౌజుకి ఏది మేలు?

శ్రావణం దగ్గర పడితే చాలు, షాపుకి వచ్చేవాళ్లు, ఫోన్ చేసేవాళ్లు అందరూ అడిగేది ఒకటే. "అక్కా, మగ్గం చేయించమంటారా, కంప్యూటర్ వర్కు సరిపోతుందా?" మగ్గం వర్కు అంటే గుడ్డని ఫ్రేముకి బిగించి చేత్తో చేసే ఎంబ్రాయిడరీ, కంప్యూటర్ వర్కు అంటే మెషిన్ మీద చేసేది. కూకట్‌పల్లిలో బ్లౌజులు కుట్టుకునే నాకు రెండు పనులూ అన్నం పెడుతున్నాయి. ఒకదాన్ని తక్కువ చేసి చెప్పాల్సిన అవసరం నాకు లేదు. అందుకే విడివిడిగా చెప్పేకంటే అంతా ఒకచోట రాస్తున్నాను.

ధర, టైమ్ సంగతి మీకు తెలిసిందే. కంప్యూటర్ మెషిన్ నిమిషానికి 800 నుంచి 1000 కుట్లు వేస్తుంది. మెడకీ చేతులకీ కలిపి లక్ష కుట్ల డిజైన్ అయినా దారాలు మార్చుకుంటూ రెండు మూడు గంటల్లో దింపేస్తుంది. అదే నిండు వర్కు మగ్గం మీద అయితే రోజులు పడుతుంది, ముహూర్తాల సీజన్‌లో వారాలు కూడా. కూలీ కూడా ఆ లెక్కనే ఉంటుంది. వారంలో ఫంక్షన్ పెట్టుకుని మగ్గం కావాలంటే టెన్షన్ పడేది మీరే.

మెషిన్ వర్కు నిన్న మొన్న వచ్చింది కాదు. పై దారం, కింద దారం కలిసి బిగుసుకునే కుట్టుతో ఎంబ్రాయిడరీ చేసే యంత్రాన్ని స్విట్జర్లాండ్‌లో ఐజాక్ గ్రోబ్లి 1863లోనే తయారుచేశాడు. ఇప్పటి మెషిన్లు ఎక్కువగా వేసేది అలాంటి కుట్టే. ముఖ్యంగా కొత్తగా వచ్చింది సూదిని ఎటు నడపాలో చెప్పే కంప్యూటర్ ఫైల్. ఆ కుట్టు చాలా గట్టిది. ఒకచోట దారం తెగినా మిగతాది ఊడిరాదు. పాలిస్టర్ దారం అయితే ఉతుక్కోవచ్చు, రంగు అంత తేలిగ్గా దిగదు. మగ్గంలో ఆరీ సూదితో (కొసన చిన్న కొక్కెం ఉండే సూది) వేసేది గొలుసు కుట్టు, ఒకే దారం. ఆ దారం కొస గాజుకో నల్లపూసల కొక్కేనికో పట్టుకుని లాగితే వరస మొత్తం విడిపోతుంది. నాసిరకం జరీ అయితే చెమటకి నల్లబడుతుంది కూడా. ఆఫీసుకి, పేరంటాలకి, పిల్లల లంగా జాకెట్లకి నేను చెప్పేది కంప్యూటర్ వర్కే. అక్కచెల్లెళ్లు నలుగురికీ ఒకే డిజైన్ కావాలన్నా అదే మంచిది. ఫైల్ దాచి ఉంచితే వచ్చే ఏడాదైనా అచ్చం అలాగే వస్తుంది.

పెళ్లి బ్లౌజు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నేను చూసే లెక్క వేరు. నా దగ్గరికి కొత్తగా కుట్టమని వచ్చేవాటితో పాటు, పాతవి విప్పి వదులు చేయమని వచ్చేవి కూడా బాగానే ఉంటాయి. పెళ్లయ్యాక ఒళ్లు మారుతుంది, కాన్పు తర్వాత ఇంకా మారుతుంది. పట్టుచీర ఎప్పటికీ సరిపోతుంది, బ్లౌజు సరిపోదు. చేతులు బిగుతయ్యాయని కుట్టు విప్పి లోపలి గుడ్డ వదిలితే, చేతి అంచు చుట్టూ ఉన్న డిజైన్ మధ్యలో వేలెడు ఖాళీ పడుతుంది. అది మగ్గం వర్కు అయితే మళ్లీ మగ్గం అతనికే ఇస్తాను. అక్కడి గుడ్డ బిగించుకుని, అదే రకం దబ్కా (స్ప్రింగులా చుట్టిన మెరుపు తీగ), అదే సైజు పూసలు వెతికి పెట్టి, ఆ ఖాళీని నింపేస్తాడు. జరీ కొంచెం కొత్తగా మెరుస్తుందేమో గానీ, నాలుగు అడుగుల దూరం నుంచి చూసేవాళ్లకి తేడా తెలియదు. కంప్యూటర్ వర్కుకి ఆ వీలు దాదాపు లేదు. కుట్టేసిన చేతిని ఫ్రేములో సరిగ్గా బిగించలేం, పాత డిజైన్ ఆగిన చోటికి కొత్త సూదిని వెంట్రుకవాసి తేడా లేకుండా తెచ్చి నిలపలేం. పోనీ ఉన్న వర్కు తీసేద్దామంటే, దట్టమైన కుట్ల కింద పట్టు అంతా చిల్లులు పడి ఉంటుంది. మెషిన్ కుట్టేటప్పుడు గుడ్డ ముడత పడకుండా కింద వేసిన పేపర్ వల్ల ఆ భాగం రేకులా గట్టిగా కూడా ఉంటుంది. మే నెల ముహూర్తానికి ఒంటికి గుచ్చుకునేది అదే.

అందుకే ముహూర్తం చీర మీదకి ఒక్క బ్లౌజు అయినా మగ్గం చేయించుకోమంటాను. డబ్బు చాలకపోతే వీపు నిండా కంప్యూటర్ వర్కు వేయించే బదులు, మెడ చుట్టూ చేతి అంచుకీ సన్నగా మగ్గం చేయిస్తే చాలు.

ఈమధ్య ఏఐతో చేయించిన బొమ్మలు ఫోన్లో చూపించి అచ్చం ఇలాగే కావాలంటున్నారు. ఆ బొమ్మలో నెమలి తోక చంక కుట్టు మీదుగా వీపు మీదికి పోతూ ఉంటుంది. బ్లౌజుకి కుట్లు ఎక్కడ పడతాయో దానికి తెలియదు. మగ్గం అతను మీ కొలతల గీతలు చూసి తోక ఎక్కడ ఆపాలో అక్కడ ఆపుతాడు. కంప్యూటర్ వర్కుకైనా ఫొటో ఇస్తే మెషిన్ కుట్టేయదు, ఒక మనిషి కూర్చుని ఏ రేకకి కుట్టు ఎటు పోవాలో పెట్టి ఫైల్ చేయాల్సిందే. బొమ్మలు తెచ్చుకోండి, కాస్త మార్చడానికి మాత్రం ఒప్పుకోండి.

మెడా చేతులూ ముందే వర్కు చేసి అమ్మే రెడీమేడ్ ముక్కలు జనరల్ బజార్‌లో, అమీర్‌పేటలో కుప్పలుగా ఉంటాయి. కొంచెం లావుగా ఉన్నవాళ్లకి ఆ డిజైన్ భుజం దాకా అందదు. సన్నగా ఉన్నవాళ్లు తీసుకోవచ్చు. ఇస్త్రీతో అంటించే రాళ్ల గురించి అడగనే వద్దు, నాసిరకమైతే రెండు ఉతుకులకే రాలిపోతాయి.

మిక్స్ వర్కు అని ఇంకొకటుంది. కింద కంప్యూటర్ కుట్టు, పైన చేత్తో పెట్టిన కుందన్లు, పూసలు. మిక్స్ వర్కు అని చెప్పి ఆ ధరకే అమ్మితే మంచి సరుకే. మగ్గం పేరుతో మగ్గం ధరకి అంటగట్టేవాళ్లతోనే జాగ్రత్త. లైనింగ్ వేయకముందే ముక్కని తిప్పి చూపించమనండి. వెనక తెల్ల దారం దట్టంగా, పేపర్ పీలికలతో కనిపిస్తే అది మెషిన్ పని. మగ్గం పనికి వెనకవైపు దారం గీతల్లా పోతూ అక్కడక్కడా ముడులు కనిపిస్తాయి.

మగ్గం ఖాయం చేసుకుంటే, వర్కుని కుట్టు గీత దగ్గర ఆపేయకుండా చేతి దగ్గర అర ఇంచు లోపలికి పోనివ్వమని చెప్పండి. ఆ అర ఇంచుకి కూలీ కాస్త పెరుగుతుంది, ఇవ్వండి. పక్క కుట్లలో ఇంచున్నర గుడ్డ వదలమని టైలర్‌తో కూడా చెప్పండి. బ్లౌజు తీసుకునేటప్పుడు మిగిలిన జరీ, పూసలు ఒక చిన్న కవర్లో వేయించుకుని చీరతో పాటే బీరువాలో పెట్టుకోండి.