శ్రుతిని చప్పుడనుకున్న యంత్రం: యూఎస్‌బీ మైకుతో మూడేళ్ల సంగీత పాఠాలు

వీడియో కాల్ కోసం ఏ కెమెరా కొనమంటారని నన్ను చాలామంది అడిగారు గానీ, ఏ మైకు కొనమంటారని అడిగినవారు ఈ మూడేళ్లలో ఒక్కరూ లేరు. 2022 జూన్‌లో నేను కూడా ఆ కెమెరా వ్యామోహంలోనే పడ్డాను. రాజమహేంద్రవరంలో మా ఇంటి ముందుగదిలో చాప మీద కూర్చుని, డల్లాస్‌లో ఉంటున్న తెలుగు పిల్లలకు కర్ణాటక సంగీతం నేర్పడం నా పని. అప్పటికి రెండేళ్లుగా లాప్‌టాప్‌లో ఉన్న కెమెరాతో, దాని మైకుతోనే నెట్టుకొస్తున్నాను. మా అబ్బాయి మాట విని పద్నాలుగు వేలు పోసి ఒక 4కే కెమెరా కొని, దానికి తోకగా ఏడున్నర వేలతో ఒక యూఎస్‌బీ కండెన్సర్ మైకు తెప్పించాను. ఈనాడు ఆ కెమెరా అట్టపెట్టెతో సహా బీరువా పైన ఉంది, మైకు మాత్రం రోజూ తెల్లవారుజామున పనిచేస్తోంది. దాని కొలతలూ, అది పట్టే పౌనఃపున్యాలూ డబ్బా మీదే అచ్చువేసి ఉంటాయి కనుక వాటి జోలికి పోను. ఆ మైకును ఏడు నెలలపాటు సగం మూగదాన్ని చేసిన, వీడియో కాల్ యాప్‌లోని ఒక మీట గురించే చెప్పవలసింది చాలా ఉంది.

మాకు ఉదయం ఆరు గంటలైతే డల్లాస్‌లో అంతకుముందు రోజు సాయంత్రం ఏడున్నర అవుతుంది, అక్కడ నవంబరులో గడియారం వెనక్కి తిప్పితే ఆరున్నర అవుతుంది. ఆ వేళకు బడి, హోంవర్కు ముగించుకుని వచ్చే నా శిష్యురాళ్లలో తొమ్మిదేళ్ల పాప ఒకతె ఉంది. స్వరజ్ఞానం చక్కగా ఉన్న పిల్ల. తొలి పాఠాలైన సరళీ వరుసలు మూడు కాలాల్లోనూ, అంటే మూడు వేగాల్లోనూ, తడుముకోకుండా పాడేది. అటువంటి పిల్ల కొత్త మైకు వచ్చిన తర్వాత శ్రుతి జారడం మొదలుపెట్టింది. మాయామాళవగౌళ రాగంలో షడ్జానికీ (స) శుద్ధ రిషభానికీ (రి) నడుమ ఉన్న దూరం చాలా తక్కువ కనుక, ఆధార షడ్జం చెవిలో మోగుతూ ఉండకపోతే రిషభం ఎక్కడ నిలవాలో పిల్లలకు అంతుపట్టదు. ఆ తర్వాతి పాఠాలైన జంట వరుసల్లోకి వచ్చేసరికి ఆ పాప తాళం ఒక చుట్టు తిరిగే ప్రతి ఆవర్తానికీ కొద్దికొద్దిగా కిందికి దిగిపోయేది. ఆధార స్వరాన్ని ఆగకుండా మోగించే శ్రుతి పెట్టె నా పక్కనే మోగుతుండగా ఎందుకు వినిపించుకోవడం లేదని నేను రెండు మూడుసార్లు గట్టిగానే మందలించాను. ఆ మందలింపులు ఇప్పుడు గుర్తొస్తే సిగ్గుగా ఉంటుంది.

చివరికి 2023 జనవరిలో ఆ పాప తల్లి ఒకరోజు పాఠం అయిన తర్వాత ఎంతో మొహమాటపడుతూ, ‘‘టీచర్ గారూ, మీరు శ్రుతి వినమంటున్నారు కానీ మా వైపు అసలు శ్రుతే వినపడట్లేదండీ, మీరు పెట్టడం మానేశారేమో అనుకున్నాం’’ అన్నారు. నాకు నమ్మబుద్ధి కాలేదు. మర్నాడు పాఠాన్ని వాళ్ల వైపు నుంచి రికార్డు చేసి పంపమన్నాను. రికార్డింగు తెరిచి విన్న మొదటి నిమిషంలోనే నాకు చెమటలు పట్టాయి. నా మాటలు అద్దంలో చూసినంత స్పష్టంగా ఉన్నాయి. నేను మాట్లాడటం ఆపగానే మాత్రం గదిలో ఏమీ లేనట్టు నిశ్శబ్దం. నేను మళ్లీ నోరు తెరిచినప్పుడు వెనకాల శ్రుతి ఒక క్షణం మెరిసి, అంతలోనే ఎవరో నోరు నొక్కినట్టు ఆగిపోయేది. అంతకన్నా ఘోరం, నేను షడ్జం మీద దీర్ఘంగా నిలిచినప్పుడల్లా నాలుగైదు సెకన్లు గడిచేసరికి నా గొంతు కూడా నీళ్లలో మునిగినట్టు మసకబారి తేలుతూ ఉంది. పక్క వీధిలో కుక్క మొరిగిన మొరుగు మాత్రం చెక్కుచెదరకుండా డల్లాస్ దాకా చేరింది.

ఆ పని చేసింది మైకు కాదని తేలడానికి ఇంకో వారం పట్టింది. చాలా వీడియో కాల్ యాప్‌లలో చప్పుడును వడగట్టే ఏర్పాటు ఒకటి ముందుగానే ఆన్‌లో ఉంటుంది. మనిషి మాట అక్షరానికీ అక్షరానికీ మారుతూ, మధ్యమధ్య ఆగుతూ సాగుతుంది. ఫ్యాను గాలి, ఏసీ రొద, వాన హోరు ఒకే తీరున కొనసాగుతాయి. కనుక మారకుండా నిలకడగా ఉన్నదాన్ని అనవసరపు చప్పుడుగా లెక్కగట్టి ఆ యంత్రం తొలగిస్తుంది. ఆఫీసు మీటింగు చేసుకునేవారికి ఇంతకు మించిన ఉపకారం లేదు. అయితే తంబూరా నాదానికి ప్రాణమే నిలకడ, దీర్ఘంగా నిలిపిన స్వరానికి అందమే కదలకపోవడం. ఏ గుణం కోసం మేము ఏళ్ల తరబడి సాధన చేస్తామో ఆ గుణాన్నే ఏరి చెత్తబుట్టలో వేసే యంత్రాన్ని మా నడుమ కూర్చోబెట్టుకుని, తప్పు పిల్లదనుకున్నాను. లాప్‌టాప్ పాత మైకు ఉన్నప్పుడు ఇంత తేడా ఎందుకు కనబడలేదో కూడా ఆ తర్వాతే తెలిసింది. కొత్త మైకు కోసమని అబ్బాయి యాప్‌ను మళ్లీ అమర్చినప్పుడు, ‘స్పష్టత బాగుంటుంది’ అని వడపోతను అన్నిటికన్నా పై మెట్టులో పెట్టాడట.

మందు చిన్నదే. జూమ్‌లో ‘ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్’ అనే సదుపాయం ఉంది. దాన్ని ఆడియో సెట్టింగుల్లో ముందు అనుమతించి, పాఠం మొదలైన తర్వాత తెర మీద కనిపించే మీట ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లో ఇటువంటిదే సంగీతం కోసం వేరుగా ఒక మోడ్ ఉంది. అంతటితో పని తీరుతుందనుకుంటే మాత్రం పొరపాటు. లాప్‌టాప్ తయారుచేసినవారు వేసి ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లో ఇంకో వడపోత దాగి ఉండవచ్చు. మా దాంట్లో ఉంది. అవతలి వైపు పిల్లలు ఐప్యాడ్ వాడుతుంటే అందులో మైకు మోడ్ ‘వాయిస్ ఐసోలేషన్’ మీద ఉందేమో చూసి ‘వైడ్ స్పెక్ట్రమ్’కు మార్చించాలి, లేకపోతే వాళ్ల పాట మనకు తెగిపోయి వస్తుంది. ఇవన్నీ సరిచేసి, ఆ పాపను షడ్జం పట్టమని అడిగిన రోజున ఆ పిల్ల పాడకుండా కాసేపు ఊరికే వింటూ కూర్చుంది. ‘‘ఇప్పుడొస్తోంది టీచర్’’ అన్నది. మూడో ఆవర్తానికి శ్రుతిలో నిలబడింది.

ఈ ‘ఒరిజినల్ సౌండ్’ మీట నొక్కినవారికి ఇయర్‌ఫోన్లు తప్పనిసరి అవుతాయి. వడపోతతోపాటు ప్రతిధ్వనిని అడ్డుకునే ఏర్పాటును కూడా తీసేస్తే, నా పాట అక్కడి స్పీకరులోంచి వెలువడి వాళ్ల మైకులో దూరి మళ్లీ నా దగ్గరికే తిరిగి వస్తుంది. అందుకని రెండు వైపులా తీగ ఉన్న ఇయర్‌ఫోన్లే పెట్టుకుంటున్నాం. బ్లూటూత్‌వి ఎందుకు వద్దంటే, వాటి మైకు తెరుచుకున్న మరుక్షణం చాలా లాప్‌టాప్‌లలో ధ్వని టెలిఫోను స్థాయికి పడిపోతుంది, స్వరాన్ని ఊపి పలికించే గమకంలోని నునుపు అంతా గరగరగా మారుతుంది. నా మైకుకే ఇయర్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం ఉండడం నేను ఎదురుచూడని వరం. నా గొంతు ఏమాత్రం ఆలస్యం లేకుండా నా చెవిలోనే మోగుతుంది. మంద్ర పంచమం (కింది స్థాయి ‘ప’) దగ్గర నా గొంతు సన్నగా వణుకుతుందని ముప్ఫై ఏళ్లుగా నాకు తెలియని సంగతి ఆ రంధ్రం పుణ్యమా అని తెలిసింది.

మైకును ఎక్కడ పెట్టాలన్నది కొన్న రెండో వారంలోనే నేర్చుకున్నాను. పొట్టి బల్ల మీద నిలబెట్టి, అదే బల్ల అంచున తాళం వేస్తూ పాఠం చెబితే, ఆది తాళంలో నా చెయ్యి పడిన ప్రతిసారీ అవతల పిల్లలకు పిడుగు పడినట్టు ‘ధబ్’మని వినిపించిందట. మడత పెట్టిన తుండుగుడ్డ ఒకటి మైకు కింద పెట్టి, తాళం తొడ మీద వేసుకోవడం మొదలుపెట్టాక ఆ బాధ వదిలింది. నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కగా ఉంచితే మాటల్లోని గాలి దెబ్బ తగలదు. దూరం రెట్టింపు చేస్తే గొంతు దాదాపు ఆరు డెసిబెళ్లు తగ్గి, ఆ మేరకు గది ప్రతిధ్వని పైకి తేలుతుంది. ఇది ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే రకం కనుక దాని వీపును వంటింటి వైపు తిప్పి పెట్టాను.

కెమెరా గురించి రెండు ముక్కలు చాలు. 4కే బొమ్మను అది తీస్తుంది గానీ, మామూలు కాల్స్‌లో యాప్‌లు అవతలికి పంపేది 720 గీతలు, మహా అయితే 1080. పైగా దాని ఆటోఫోకస్‌కు నేను తాళం వేసే చెయ్యి ముఖ్యమో ముఖం ముఖ్యమో తేల్చుకోవడం చేతకాక, బొమ్మ ఆవర్తానికి ఒకసారి మసకబారేది. పిల్లలకు నా వేళ్ల లెక్క కనబడాలి. ఫోకస్ స్థిరంగా ఉండే పాత 1080 కెమెరా ఆ పని నిక్షేపంగా చేస్తోంది. కిటికీ వెనకవైపు కాకుండా ముందువైపు ఉండేలా కూర్చోవడం, చౌక ఎల్ఈడీ దీపం వల్ల తెర మీద చారలు పాకుతుంటే కెమెరా సెట్టింగును మన దేశపు కరెంటుకు తగ్గట్టు 50 హెర్ట్జ్‌కు మార్చడం, నేను వెలుతురు కోసం చేసిన ఏర్పాట్లు ఇంతే.

వైఫై మానేసి లాన్ తీగ వేసుకున్నాను. వేసవిలో కరెంటు పోయినప్పుడు ఇంట్లో ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులోనే రౌటరు ఆరిపోయి, మళ్లీ లేవడానికి మూడు నిమిషాలు తీసుకునేది. రౌటరుకు విడిగా ఒక చిన్న 12 వోల్టుల బ్యాటరీ పెట్టె తగిలించాక ఆ బెడద పోయింది. ఎంత మంచి లైను ఉన్నా ధ్వని అటు చేరడానికి కొంత సమయం పడుతుంది కనుక గురువూ శిష్యురాలూ కలిసి పాడడం మాత్రం ఇప్పటికీ కుదరదు. నేను పాడి ఆగుతాను, ఆ పిల్ల అందుకుంటుంది. ఆ పిల్ల పాడేటప్పుడు తన దగ్గరే, తన గొంతుకు తగిన ఐదు శ్రుతిలో, తన శ్రుతి పెట్టె మోగుతూ ఉంటుంది.

మొదటి ఏడాది ఈ మైకును నేను అందరి దగ్గరా ఆకాశానికెత్తాను. ఇప్పుడు అంత ధాటిగా చెప్పలేను. వడపోత తీసేసిన తర్వాత శ్రుతితోపాటు ప్రపంచమంతా లోపలికి వస్తుంది. కుక్కరు విజిల్, పాలవాడి సైకిలు గంట, పెరట్లో కోయిల, ధనుర్మాసంలో గుడి మైకు అన్నీ డల్లాస్‌కు చేరుతున్నాయి. ఫ్యాను ఆపుకుని, తలుపు వేసుకుని, మే నెలలో చెమటలు కక్కుతూ పాఠం చెప్పడం ఈ స్పష్టతకు నేను కడుతున్న మూల్యం. కండెన్సర్ రకం చిన్న శబ్దాన్ని కూడా వదలదని నాకు చెప్పినవారు అప్పుడే చెప్పారు, నేనే వినలేదు. పోతే, వారంటీ ఏడాది ముగిసి నెల తిరగకుండానే దాని తీగ దూర్చే రంధ్రం వదులైంది. పాఠం మధ్యలో తీగ కదిలితే మైకు మాయమై లాప్‌టాప్ మైకు దానంతట అదే రంగంలోకి దిగేది. కంపెనీవారు కొత్తది కొనుక్కోమన్నారు. దేవీచౌక్ దగ్గర మొబైళ్లు బాగుచేసే కుర్రవాడు రెండు వందల యాభై రూపాయలకు ఆ రంధ్రాన్ని మళ్లీ టంకం వేసి ఇచ్చాడు. అప్పటి నుంచి తీగను మైకు కాలికి రబ్బరు బ్యాండుతో బిగించి ఉంచుతున్నాను, చూడటానికి బాగుండదు గానీ ఊడిపోదు.

ఇది ఒక గొంతుతో, ఒకసారికి ఒకే శిష్యురాలితో, పెద్దగా రాకపోకలు లేని వీధిలో తెల్లవారుజామున పాఠం చెప్పుకునే మనిషి అనుభవం. వీణకో మృదంగానికో ఇది సరిపోతుందా అంటే నేను వాడి చూడలేదు. మెయిన్ రోడ్డు మీది అపార్టుమెంటులో ఉండేవారైతే, దగ్గరి శబ్దాన్నే పట్టి దూరపు చప్పుళ్లను అంతగా పట్టించుకోని డైనమిక్ మైకు వైపే ముందు చూడవచ్చు. నా మైకు మళ్లీ మొరాయిస్తే నేను కూడా బహుశా అదే తీసుకుంటాను. ఆఫీసు మాటల కోసమైతే వడపోతను ఆన్‌లోనే ఉంచుకోవచ్చు. ఈ ధనుర్మాసానికి మాత్రం గుడి మైకుతో పోటీపడే ఓపిక లేక, పాఠాన్ని ఏడు గంటలకు జరుపుకుందామని పిల్లల తల్లులకు చెప్పాను. అక్కడ అప్పటికి రాత్రి ఏడున్నరే కనుక వాళ్లు సరేనన్నారు.