కడపలో మా అబ్బోడి స్కూల్ రివ్యూ: చదువుకు 4 స్టార్లు, పిల్లల్ని చూసుకునే తీరుకు 2

స్కూల్ పేరు రాయడం లేదు, మా అబ్బోడు ఇంకా అక్కడే చదువుతున్నాడు. కడపలో ప్రైవేట్ స్కూల్ అంటే మనోళ్ళు ఫస్ట్ అడిగేది ర్యాంకులు, ఫీజు, బస్సు కోటిరెడ్డి సర్కిల్ దాకా వస్తుందా లేదా, అంతే. అవన్నీ బాగున్నాయి, లెక్కల సార్ అయితే సూపర్. నేను రాయాలనుకున్నది వేరే.

మా వాడు సెవెంత్, మాట కొంచెం నత్తి. క్లాస్‌లో ఒక ఐదుగురు, వీడు ఆన్సర్ చెప్తుంటే అట్లే సాగదీసి అనడం, బాత్రూంల దగ్గర కాపు కాసి తోసేయడం. ఇంట్లో ఏమీ చెప్పలేదు. పొద్దున నింపిన వాటర్ బాటిల్ సాయంత్రం నింపినట్టే తిరిగొచ్చేది, ఎందుకు నాన్నా తాగలేదు అంటే దప్పిక కాలేదమ్మా అంటాడు, మార్చి ఎండల్లో, కడపలో దప్పిక కాకపోవడమేంది! చివరికి వాళ్ళ అవ్వకు చెప్పినాడు, నీళ్ళు తాగితే బాత్రూంకి పోవాల్సి వస్తాదని.

క్లాస్ టీచర్ దగ్గరికి పోయినాము. మేడమ్ మంచామె, కానీ చేసిందేందంటే మా వాడినీ ఆ ఐదుగురిలో పెద్దోడినీ అందరి ముందర నిలబెట్టి సారీ చెప్పించి షేక్‌హ్యాండ్ ఇప్పించినారు. ఇద్దరూ కొట్టుకుంటే అది సరే, ఇక్కడ ఐదుగురు కలిసి ఒకడిని ఏడిపిస్తుంటే ఇందులో రాజీ ఏముంది? మరుసటి రోజు నుంచి 'రేయ్ కంప్లైంట్ గా' అని పిలవడం మొదలుపెట్టినారు. మళ్ళీ పోతే ఇంకో సార్ ఆ పెద్దోడిని బెత్తంతో నాలుగు పీకినాడు, అదీ నాకు నచ్చలేదు, 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ రెండిటినీ నిషేధించింది, పైగా ఆ దెబ్బల కోపమంతా బస్సులో మా వాడి మీదే తీర్చుకున్నాడు. ప్రిన్సిపాల్ అయితే 'మగపిల్లోడు కదమ్మా, కొంచెం గట్టిపడాల' అన్నారు. ఆ ఒక్క మాటకే ఒక స్టార్ తీసేసినా.

పని జరిగింది పీఈటీ సార్ వల్ల. ఆయన ఎవరి ముందరా మా వాడి పేరు ఎత్తలేదు. రోజూ ఇంటర్వెల్‌లో బాత్రూంల కాడ కుర్చీ వేసుకుని కూర్చున్నారు, అంతే. తర్వాత ఆ ఐదుగురినీ విడివిడిగా పిలిచి మాట్లాడినారు, అట్ల ఒక్కొక్కరిని అడిగితే ముగ్గురు 'వాడు నవ్వితే మేమూ నవ్వినాం సార్' అన్నారంట. పక్కన నవ్వేవాళ్ళు లేకపోయేసరికి పెద్దోడికీ ఊపు తగ్గింది. మా వాడిని కబడ్డీ స్కోర్ రాసే పనిలో పెట్టి, తోడుగా ఇద్దరు నెమ్మదైన పిల్లోళ్ళను జత చేసినారు. అయిపోయిందిలే అని వదిలేయలేదు, అప్పుడప్పుడూ ఫోన్ చేసి ఎట్లున్నాడమ్మా అని అడుగుతారు. ఇప్పుడు బాటిల్ ఖాళీగా వస్తాంది. ఆ సార్‌కు ఎంత చెప్పినా తక్కువే.

కానీ ఇదంతా ఒక్క మనిషి మంచితనం మీద నడుస్తాంది, ఆయన మానేస్తే ఏంది పరిస్థితి? స్కూల్లో కౌన్సిలర్ లేరు, కమిటీ లేదు. సీబీఎస్ఈ తన స్కూళ్ళకు 2015లోనే యాంటీ బుల్లీయింగ్ కమిటీ పెట్టమని సర్క్యులర్ ఇచ్చింది, స్టేట్ సిలబస్ అయితే మాత్రం పెట్టకూడదనా? అడ్మిషన్‌కి పోయే వాళ్ళు ఏసీ క్లాస్‌రూమ్ ఉందా అని కాదు, ఇంటర్వెల్‌లో, బస్సులో పిల్లోళ్ళ దగ్గర పెద్దోళ్ళు ఎవరుంటారు, కంప్లైంట్ ఇస్తే ఎవరు చూస్తారు అని అడగండి. స్కూల్ వాళ్ళు అస్సలు వినకపోతే 1098కి ఫోన్ చేయండి, పిల్లల హెల్ప్‌లైన్, ఫ్రీ, 24 గంటలూ ఉంటుంది.

మేనేజ్‌మెంట్ వాళ్ళు ఇది చదివితే ఒక్కటే అడుగుతున్నా, జూన్‌లో స్కూల్ తెరిచే లోపల బస్సులో ఒక ఆయానో సార్‌నో పెట్టండి, వెనక సీట్లలో వేరే పిల్లోళ్ళ మీద ఇంకా అదే నడుస్తాంది.