సెనేటర్‌కి రాసేటప్పుడు ఏం అడగాలి? సభలో ప్రస్తావనా, మంత్రి జవాబా, సవరణా, బిల్లా: ఏది మేలు?

డబ్లిన్‌లో మనవాళ్ళు నలుగురు కలిసిన చోట ఈమధ్య ఒకటే ప్రశ్న. "సెనేటర్‌కి మెయిల్ పెడితే ఏమన్నా ఉపయోగం ఉంటుందా? పెడితే ఏమని అడగాలి?" పిల్లల థెరపీ కోసం ఎదురుచూసేవాళ్ళు, డ్రైవింగ్ టెస్ట్ తేదీ దొరకనివాళ్ళు, పౌరసత్వం దరఖాస్తు గురించి టెన్షన్ పడేవాళ్ళు, అందరూ అదే అడుగుతున్నారు. ఇన్నాళ్ళూ అప్పటికి తోచింది చెప్పేదాన్ని. గత నెల మా ఇంట్లోనే ఆ అవసరం వచ్చింది. నేనూ మా ఆయనా రెండు రాత్రులు కూర్చుని తేల్చుకోవాల్సి వచ్చింది. అందుకే ఇప్పుడు వివరంగా రాస్తున్నాను.

మా బాబుకి నాలుగేళ్ళు. మాటలు సరిగ్గా రాలేదు. 2005 నాటి డిసెబిలిటీ చట్టం కింద అసెస్‌మెంట్ ఆఫ్ నీడ్‌కి (పిల్లాడికి ఏ సేవలు అవసరమో తేల్చే పరిశీలనకి) దరఖాస్తు పెట్టాం. దరఖాస్తు అందిన 3 నెలల్లో అసెస్‌మెంట్ మొదలుపెట్టాలి, మొదలైన 3 నెలల్లో పూర్తి చేయాలి. చట్టంలో ఉన్న గడువు అది. దరఖాస్తు అందిందంటూ వచ్చిన ఉత్తరం మా ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద ఉంది. పాల డబ్బా తీసినప్పుడల్లా దాని మీద తేదీ కనిపిస్తుంది. ఆ తేదీకి ఏడాది దాటింది. ఫోన్ చేస్తే మర్యాదగానే మాట్లాడతారు, "మీరు లిస్టులో ఉన్నారు" అంటారు. ఎన్నో నంబరో చెప్పరు.

సరే, సెనేటర్. ఐర్లండ్ పార్లమెంటు ఎగువ సభ షానడ్‌లో 60 మంది ఉంటారని, మన శాసనమండలికి పెద్దన్న లాంటిదని మీకు తెలిసిందే. మండలిని 1985లో రద్దు చేసి 2007లో మళ్ళీ తెచ్చుకున్నవాళ్ళం మనం. ఇక్కడ కూడా 2013లో షానడ్‌ను రద్దు చేద్దామా అని రెఫరెండం పెడితే 51.7 శాతం మంది వద్దన్నారు కాబట్టి సభ బతికింది. ఆ తీర్పు వల్లే మనం ఇవాళ ఈ ఉత్తరం రాయగలుగుతున్నాం. సెనేటర్ మన కోసం సభలో చేయగలిగినవి ముఖ్యంగా నాలుగు.

మొదటిది ఆర్డర్ ఆఫ్ బిజినెస్‌లో ప్రస్తావించడం. మన జీరో అవర్ అనుకోండి. ఆ రోజు ఎజెండా మీద చర్చ పేరుతో ఒక్కొక్కరు రెండు మూడు నిమిషాలు ఏ విషయమైనా మాట్లాడతారు. చాలామంది అడిగేది దీన్నే, ఎందుకంటే తొందరగా అయిపోతుంది. ఇవాళ మెయిల్ పెడితే ఈ వారంలోనే మన సమస్య సభలో వినపడొచ్చు, వీడియో ముక్క వాట్సాప్‌లో తిరుగుతుంది. నేను దీన్ని తీసిపారేయను. ఒక ఊరి బస్సు రూటు గురించో, ఒక స్కూలు దగ్గర జీబ్రా క్రాసింగ్ గురించో అయితే ఇది చాలు. కానీ అక్కడ మంత్రి ఉండరు. అందరూ మాట్లాడాక సభా నాయకుడు లేచి ఒక్కొక్కరి మాటకూ రెండు వాక్యాల్లో స్పందిస్తారు, మంత్రి దృష్టికి తీసుకెళ్తానంటారు. థెరపీ వెయిటింగ్ లిస్టుకి ఆయన బాధ్యుడు కాదు. ఆ మాట తర్వాత ఏమైందో కనుక్కునే భారం మళ్ళీ మన మీదే పడుతుంది.

రెండోది కమెన్స్‌మెంట్ మ్యాటర్. మేం ఎంచుకున్నది ఇదే. ఒకప్పుడు సభ ముగిసేటప్పుడు జరిగేది, ఇప్పుడు సభ మొదలవగానే జరుగుతుంది, అందుకే ఆ పేరు. సెనేటర్ ముందుగా నోటీసు ఇవ్వాలి. ఒక్క విషయం, ఒక్క శాఖ. సభాధ్యక్షుడు ఎంపిక చేస్తే ఆ శాఖ తరఫున మంత్రి వచ్చి తీరాలి. సెనేటర్‌కి నాలుగు నిమిషాలు, మంత్రికి నాలుగు నిమిషాలు, ఆ తర్వాత సెనేటర్‌కి ఇంకో నిమిషం, చివరగా మంత్రి ముగింపు.

దీని లోపాలు కూడా చెప్పాలి. రోజుకి నాలుగైదుకు మించి తీసుకోరు, కాబట్టి మన సెనేటర్ నోటీసు ఇచ్చినా ఆ రోజు ఎంపిక కాకపోవచ్చు. చాలాసార్లు అసలు శాఖ మంత్రి రారు, సహాయ మంత్రిని పంపిస్తారు. వాళ్ళు శాఖ అధికారులు రాసిచ్చిన కాగితం చదువుతారు. ఆ కాగితంలో కేటాయించిన నిధుల మొత్తం, కొత్తగా తీసుకున్న సిబ్బంది సంఖ్య, ప్రభుత్వం కట్టుబడి ఉందనే మాట ఉంటాయి. అడిగిన దానికి జవాబు ఒక్కోసారి ఉండదు. సెనేటర్లే సభలో దీని మీద విసుక్కోవడం చూశాను.

అయినా నేను దీని వైపే మొగ్గడానికి కారణం ఆ చివరి నిమిషం. ఈ చర్చలు ఆఫీసుకి వెళ్ళేటప్పుడు లువాస్ ట్రామ్‌లో ఫోన్ మీద చూస్తుంటాను. పార్లమెంటు భవనం లెన్‌స్టర్ హౌస్‌లో ఒకప్పుడు డ్యూక్ గారి డ్యాన్సు హాలుగా ఉన్న గది అది, పైకప్పు నిండా తెల్లటి అల్లికపని. పొద్దున్నే కాబట్టి బెంచీలు దాదాపు ఖాళీ. సభాధ్యక్షుడు, ఒక సెనేటర్, ఒక మంత్రి, అంతే. మంత్రి కాగితం చదవడం పూర్తయి, కళ్ళు పైకెత్తుతారు. అప్పుడు సిద్ధపడి వచ్చిన సెనేటర్ ఒకే ప్రశ్న వేస్తారు: ఈ ప్రాంతంలో ఎంతమంది పిల్లలు చట్టం చెప్పిన గడువు దాటి ఉన్నారు, అది ఎప్పటికి తీరుతుంది? ఆ ప్రశ్నకి జవాబు కాగితంలో ఉండదు. మంత్రి సొంతంగా ఏదో ఒకటి చెప్పాలి. రాతపూర్వకంగా పంపిస్తానంటే అదీ రికార్డులో పడుతుంది. తేదీ చెబితే ఆ తేదీ రికార్డులో పడుతుంది. ఆరు నెలల తర్వాత మళ్ళీ అదే సెనేటర్ లేచి, ఫలానా రోజున మీ శాఖ ఈ మాట ఇచ్చింది అని చదవొచ్చు.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే, జవాబు చెప్పాల్సిన మనిషి ఎదురుగా ఉన్నాడా లేదా. మిగతా మూడు దారుల్లోనూ గొంతు ఎంత గట్టిగా వినపడినా ఈ ఒక్కటీ ఇంత సూటిగా దొరకదు. పైగా సెనేటర్లకు దిగువ సభ డాయిల్ సభ్యుల్లా (వాళ్ళనే టీడీలంటారు) పార్లమెంటరీ ప్రశ్న వేసే హక్కు లేదు. వాళ్ళ చేతిలో మంత్రిని ఒక్క విషయం మీద నిలబెట్టి అడిగే సాధనం ఇదే. టీడీ వేసే రాత ప్రశ్న కూడా మంచిదే, ముఖ్యంగా లెక్కలు కావాలంటే. కాకపోతే ఆరోగ్య సేవల గురించి అడిగినప్పుడు ఇది నిర్వహణకు సంబంధించిన విషయం కాబట్టి ప్రభుత్వ ఆరోగ్య సేవల సంస్థ హెచ్‌ఎస్‌ఈ నేరుగా జవాబిస్తుంది అని ఒక లైను వచ్చి ఊరుకోవడం మామూలే. అక్కడ రెండో ప్రశ్నకు చోటు లేదు.

మూడోది, ప్రభుత్వ బిల్లు కమిటీ దశలో ఉన్నప్పుడు సవరణ పెట్టించడం. సరైన బిల్లు సరైన సమయంలో నడుస్తుంటే దీనికి మించింది లేదు, మంత్రి అక్కడే కూర్చుని సెక్షన్ సెక్షన్‌కీ బదులు చెప్పాలి. కానీ ప్రజాధనం ఖర్చయ్యే సవరణ అయితే సభాధ్యక్షుడు చర్చకే రానివ్వరు. అందుకే సెనేటర్లు ఒక ఉపాయం పట్టుకున్నారు. థెరపిస్టులను పెంచాలి అని రాయకుండా, ఆరు నెలల్లో మంత్రి దీనిపై నివేదిక సభ ముందు పెట్టాలి అని సవరణ రాస్తారు. దాని మీద చర్చ జరుగుతుంది. సెనేటర్ ఎలిస్ మేరీ హిగిన్స్ చర్చలు చదివితే ఈ పని ఎంత ఓపికగా చేయాలో అర్థమవుతుంది. మన సమస్యకు తగిన బిల్లు సభలో లేకపోతే మాత్రం ఈ దారి లేనట్టే.

నాలుగోది సొంత బిల్లు. వినడానికి ఇదే అన్నిటికన్నా గొప్పగా ఉంటుంది, మా ఆయన మొదట దీని వైపే ఉన్నారు. ఆయన చెప్పిన ఉదాహరణలు గట్టివే. పిల్లలున్న కారులో సిగరెట్ తాగకూడదన్న చట్టం క్యాన్సర్ డాక్టరు జాన్ క్రౌన్, మరో ఇద్దరు సెనేటర్లు 2012లో షానడ్‌లో పెట్టిన బిల్లుతోనే మొదలైంది. మార్క్ డేలీ తెచ్చిన ఐరిష్ సైన్ లాంగ్వేజ్ బిల్లు 2017లో చట్టమైంది. అయితే కాలం చూడండి. కారు చట్టం అమల్లోకి వచ్చింది 2016 జనవరిలో. సైన్ లాంగ్వేజ్ చట్టం సంతకమయ్యాక కూడా అమలుకి 2020 డిసెంబరు దాకా ఆగింది. 1971లో మేరీ రాబిన్సన్ గర్భనిరోధక సాధనాల మీద తెచ్చిన బిల్లుకి షానడ్ తొలి దశ అనుమతి కూడా ఇవ్వలేదు, ఆ విషయంలో మొదటి చట్టం వచ్చింది 1979లో.

మన పిల్లలకు నేరుగా తగిలేది ఇంకొకటి ఉంది. 2004 రెఫరెండం తర్వాత ఇక్కడ పుట్టిన ప్రతి బిడ్డకీ పుట్టుకతో పౌరసత్వం రాదు. ఇక్కడే పుట్టి మూడేళ్ళు ఉన్న పిల్లలు పౌరసత్వానికి అర్హులు కావాలని 2018లో ఇవానా బాసిక్, లేబర్ సెనేటర్లు బిల్లు పెట్టారు. ఆ బిల్లు చట్టం కాలేదు. 2023లో ప్రభుత్వం తన చట్టంలోనే ఇక్కడ పుట్టిన పిల్లలకు ఆ గడువును అయిదేళ్ళ నుంచి మూడేళ్ళకు తగ్గించింది. సొంత బిల్లు ఓడిపోయినా వృథా కాదని నేను నమ్మడానికి ఇలాంటివే కారణం. చట్టంలోని మాట మారాలంటే బిల్లే అడగండి.

మా బాబు విషయంలో చట్టంలో మాట ఇప్పటికే ఉంది. మూడు నెలలు, మరో మూడు నెలలు. తొంభై నిమిషాల ప్రాథమిక పరిశీలనతో సరిపెట్టే పద్ధతి చట్టానికి సరిపోదని 2022లో హైకోర్టు కూడా చెప్పింది. లోపించింది మనుషులు, డబ్బు. డబ్బు ఖర్చు పెట్టించే బిల్లు మంత్రివర్గం మనీ మెసేజ్ (ఖర్చుకు అనుమతి) ఇస్తే తప్ప డాయిల్‌లో ముందుకు కదలదు. సెనేటర్ ఫ్రాన్సిస్ బ్లాక్ ఆక్రమిత ప్రాంతాలతో వ్యాపారం ఆపాలని పెట్టిన బిల్లు 2018లో షానడ్ దాటి, ఆ తర్వాతి ఏడాది డాయిల్‌లో ఆ మనీ మెసేజ్ దగ్గరే ఆగింది. ఇంకో మూడేళ్ళు బిల్లు కోసం చూస్తే మా వాడికి ఏడేళ్ళు వస్తాయి. ఈ మాట అనుకున్న రాత్రే మా ఇంట్లో వాదన ముగిసింది.

ఓపెన్ లెటర్లు, ఆన్‌లైన్ పిటిషన్లు, మంత్రికి నేరుగా మెయిల్ కూడా చేయొచ్చు. చేసినందువల్ల నష్టం లేదు.

ఏ సెనేటర్‌ని అడగాలి అనేది తర్వాతి ప్రశ్న. వాళ్ళకు మన ఓటుతో పనిలేదు కదా అని చాలామంది వెనక్కి తగ్గుతారు. అది సగమే నిజం. 43 మంది సెనేటర్లను ఎన్నుకునేవాళ్ళలో ఎక్కువమంది కౌన్సిలర్లు, దేశం మొత్తం మీద 949 మంది. మన స్థానిక సంస్థల కోటా ఎమ్మెల్సీలను ఎన్నుకున్నట్టే. కౌన్సిలర్లకు ఓటు వేసే హక్కు ఇక్కడ నివసించే మనందరికీ ఉంది, ఐరిష్ పాస్‌పోర్టు అక్కర్లేదు. కాబట్టి ముందు మీ వార్డు కౌన్సిలర్‌ని కలిసి, ఆయన ద్వారా వెళ్ళండి. ఇంకో పద్ధతి, ఆ విషయం మీద ఎప్పుడూ మాట్లాడే మనిషిని పట్టుకోవడం. వైకల్యం ఉన్నవారి సేవల గురించి అయితే 2022 ఉపఎన్నికలో ట్రినిటీ కాలేజీ పట్టభద్రుల స్థానం నుంచి వచ్చిన సెనేటర్ టామ్ క్లోనన్ చర్చలు చదవండి. తండ్రిగా పడ్డ అనుభవంతో మాట్లాడతారు, వదిలిపెట్టరు.

మా ఉత్తరం ఒక్క పేజీ. మొదటి పేరాలో బాబు వయసు, దరఖాస్తు అందిన తేదీ, చట్టం ప్రకారం ముగియాల్సిన తేదీ. రెండో పేరాలో మేం ఫోన్ చేసిన రోజులు, అటునుంచి వచ్చిన జవాబులు. చివర్లో, కమెన్స్‌మెంట్ మ్యాటర్‌గా తీసుకోమని ఒక వాక్యం, మంత్రిని అడగాల్సిన ప్రశ్న ఒక వాక్యం. దాని కింద, ఆ చివరి నిమిషంలో అడగడానికి రెండో ప్రశ్న కూడా రాసిపెట్టాం. ఫ్రిజ్ మీద ఉత్తరాన్ని ఫోటో తీసి జత చేశాం. కౌన్సిలర్‌కి కాపీ పంపాం.