నెల్లూరులో వేసవి ఈత శిక్షణ: నేర్పడం బాగుంది, కొలనుపై తోరణం లేదు

మా నాన్నగారు నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టి, మా పల్లె దిగుడుబావిలో నాకు ఈత నేర్పారు. నెల్లూరులో ఆ వీలు లేక, పన్నెండేళ్ల మా అమ్మాయిని ఈ వేసవిలో నగరంలోని ఒక ఈత కొలనులో నెల రోజుల శిక్షణకు చేర్పించాను.

నీరు శుభ్రంగా ఉంది, గదులు ఫరవాలేదు. కోచ్ మాత్రం నిజంగా మంచి గురువు. మొదటి వారమంతా గట్టు పట్టుకొని ఊపిరి వదలడం, తేలడం మాత్రమే చేయించారు. వెల్లకిలా ఈత మొదలుపెట్టిన రోజున పిల్లలను గట్టు మీద కూర్చోబెట్టి, జింబాబ్వే ఈతగత్తె కిర్స్టీ కొవెంట్రీ గురించి చెప్పారు. 2004లో ఏథెన్స్‌లోను, 2008లో బీజింగ్‌లోను 200 మీటర్ల వెల్లకిలా ఈతలో స్వర్ణం గెలిచి, మొత్తం 7 ఒలింపిక్ పతకాలు సాధించిన ఆమె, 2018లో తన దేశానికి క్రీడల మంత్రి అయ్యారు. 2025 మార్చిలో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ అధ్యక్షురాలిగా ఎన్నికయ్యారు. ఆ పదవి దక్కిన తొలి మహిళ ఆమే. మా అమ్మాయి మనసుకు పట్టినది వేరొకటి: బీజింగ్‌లో 100 మీటర్ల సెమీఫైనల్లో 58.77 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పిన కొవెంట్రీకి మర్నాడు ఫైనల్లో రజతమే దక్కినా, ఆ వారంలోనే 200 మీటర్ల స్వర్ణాన్ని మరో ప్రపంచ రికార్డుతో గెలుచుకున్నారు.

ఇక లోపం చెప్పాలి. వెల్లకిలా ఈదేవారికి గోడ కనపడదు కనుక, గోడకు 5 మీటర్ల ఇవతల కొలనుకు అడ్డంగా చిన్న జెండాల తోరణం కడతారు. అది తల మీదుగా దాటగానే చేతులు లెక్కపెట్టుకుంటూ గోడను అందుకుంటారు. ఇక్కడ స్తంభాలకు కొక్కేలున్నాయి, తోరణం లేదు. మూడో వారంలో మా అమ్మాయి తల గోడకు తగిలి బొప్పి కట్టింది. కోచ్ అంతకు ముందే రెండుసార్లు అడిగారట. నేను వెళ్లి అడిగితే నిర్వాహకులు, "ఇవేమైనా పోటీలా అండీ, పిల్లలకు అదంతా ఎందుకు?" అన్నారు. ఒకప్పుడు ఈదినవారెవరైనా ఆ కుర్చీలో ఉంటే ఆ మాట అనరు. కొవెంట్రీ కూడా ఒలింపిక్ కమిటీలోకి క్రీడాకారుల ప్రతినిధిగానే అడుగుపెట్టి, 2018 నుంచి అథ్లెట్ల కమిషన్‌కు అధ్యక్షత వహించారు.

చివరి వారమంతా కోచ్ తానే నీళ్లలో దిగి, పిల్లల తల వచ్చే చోట గోడకు అరచెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డారు. ఆయన కోసం వచ్చే వేసవికీ చేర్పిస్తాను; ఫీజు కట్టే ముందు మాత్రం ఆ కొక్కేలకు తాడు ఉందో లేదో చూస్తాను.