మూడేళ్లు వాడాక: కుక్కపిల్లల పేర్లు, స్టీలు బిళ్లలు, ఒక పుస్తకం

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక పడిన వరదకి లంకల జనంతో పాటు కుక్కపిల్లలు కూడా గట్టెక్కాయి. అమలాపురం దగ్గర మా కొబ్బరితోటలో ఏడింటిని పెట్టుకున్నాం. అప్పట్నుంచి, పెంచుకునేవాళ్లు దొరికేదాకా ఏదో ఒక కుక్క మా దగ్గర ఉంటూనే ఉందండి.

మొదట్లో పేర్లు నోటికొచ్చినట్టు పెట్టేశాం. ఇద్దరు నల్లోళ్లు ఉండేవారు. టీకా రోజు మా తమ్ముడు "నల్లోడికి అయిపోయింది" అంటే సరే అన్నాను. రెండో డోసుకీ అదే మాట. తీరా చూస్తే రెండూ ఒకడికే పడ్డాయి. రెండోవాడు పార్వో (కుక్కపిల్లలకి వచ్చే ప్రాణాంతకమైన వాంతులు, విరేచనాల జబ్బు) వచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. రాసుకోకపోవడం నా తప్పు. ఆ రాత్రే పుస్తకం మొదలుపెట్టాను.

ఇప్పుడు ప్రతి కుక్కకీ ఒక నంబరు: 22-07 అంటే 2022లో వచ్చిన ఏడోది. ఆ కుక్క ఉన్నా పోయినా ఆ నంబరు ఇంకోదానికి ఇవ్వం. పేరు పిలవడానికి, నంబరు రాసుకోవడానికి.

పేర్ల విషయంలో చాలా నేర్చుకున్నాను. గౌతమి, వైనతేయ అని గోదారి పాయల పేర్లు పెడితే మా అత్తయ్య నొచ్చుకుంది, నిజమే అనిపించింది. మనుషుల పేర్లూ మానేశాం. కాజా, జున్ను, పనస లాంటివి బాగా కుదిరాయి. రెండక్షరాలైతే పిల్లలు త్వరగా పట్టుకుంటాయి. కానీ బూరె, గారె ఒకేసారి పెట్టకండి. ఒకరిని పిలిస్తే ఇద్దరూ పరిగెత్తుకొస్తారు.

మెడలో వేసే బిళ్లలు స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టే అతని దగ్గరే కొట్టిస్తున్నాను. ఒకవైపు నంబరు, రెండోవైపు నా ఫోను. మూడు వర్షాకాలాలు తడిసినా అక్షరం చెరగలేదు. ముందు వాడిన రంగు బిళ్లలు ఏడాదికే బోసిపోయాయి. బిళ్లకి వంకీ వద్దు, తెరుచుకుపోతుంది. తాళాల రింగు వేయండి. తోలు బెల్టు మా తేమకి బూజు పడుతుంది, నైలాన్ మేలు. పిల్లలకి మాత్రం వారం వారం బెల్టు కింద రెండు వేళ్లు పెట్టి చూడాల్సిందే, మెడ అంత తొందరగా పెరుగుతుంది.

టీకా తేదీల కోసం ఫోన్లో గూగుల్ షీట్ కూడా పెట్టాను, తేదీ దాటితే గడి ఎర్రబడుతుంది. అయినా తుఫానుకి కరెంటు పోయినప్పుడు పుస్తకమే దిక్కు. జెల్ పెన్ను వద్దు, అలుక్కుపోతుంది. ప్రతి కుక్కకీ రెండు పక్కలా ఫొటో తీయండి, మచ్చలు ఒక్కో పక్క ఒక్కోలా ఉంటాయి.

రెండింటికి చర్మం కింద మైక్రోచిప్ వేయించాం. బియ్యపుగింజంత ఉంటుంది, అందులో 15 అంకెలు. కుక్క ఎక్కడుందో అది చెప్పదు, రీడర్ పెడితేనే నంబరు తెలుస్తుంది. దారిలో దొరికిన కుక్క దగ్గర రీడర్ ఎవరికుంటుంది? చిప్ మంచిదే, కానీ అది ఉందని బిళ్ల తీసేయకండి.

కిందటి దీపావళికి రాజోలు నుంచి ఎవరో ఫోన్ చేశారు, టపాసులకి బెదిరి ఒక కుక్క వాళ్ల అరుగు కింద దూరిందట. బిళ్ల మీద అంకెలు చదవమన్నాను. "ఇరవై మూడు, పదకొండు." పుస్తకం తీశాను, మా సపోటా. అంతకుముందు ఏడాది తీసుకెళ్లినవాళ్లకి ఫోన్ చేస్తే పొద్దుట్నుంచీ వెతుకుతున్నారు. సాయంత్రానికి బండి మీద ఇంటికి తీసుకెళ్లిపోయారు. ఆ పేజీలో సపోటా పక్కన ఇప్పుడు బ్రూనో అని కూడా రాసి ఉంది.